ఎండ కన్నెరుగని వాళ్లు చెప్పే ఎండ పాఠాలు

ఒళ్లు మనది, లెక్క మనది – 6వ భాగం



"ఎలాగూ నల్లగానే ఉన్నావు, నీకెందుకే సన్‌స్క్రీను?" హాస్టళ్లలో మన చెల్లెళ్లు తరచూ వినే మాట ఇది. దీనికి ఇప్పుడు ఇంకోటి తోడైంది: "రోజూ రాస్తే కేన్సరొస్తుందంట, మన అమ్మమ్మలు రాశారా?" మొదటిది వెక్కిరింత. రెండోది జాలి వేషం కట్టిన వెక్కిరింత. రెంటికీ జవాబు చెప్పుకుందాం.

ముందు భయం సంగతి. 2019, 2020ల్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు సన్‌స్క్రీన్లలోని ఆక్సీబెంజోన్, అవోబెంజోన్ లాంటి రసాయనాలు చర్మం దాటి రక్తంలోకి చేరుతున్నాయని చూపించారు. నిజమే. కానీ రక్తంలో కనబడటం వేరు, హాని చెయ్యటం వేరు. ఇంకా పరీక్షలు కావాలన్న ఆ శాస్త్రవేత్తలే, సన్‌స్క్రీన్ మానొద్దని కూడా చెప్పారు. ఈ రెండో ముక్క కోసేసి మొదటి ముక్క ఫార్వర్డ్ చేసేవాళ్లని ఏమనాలి? అదే సంస్థ 2019లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండూ భద్రమైనవేనని ప్రతిపాదించింది. అనుమానం ఉన్నవాళ్లు ట్యూబు వెనక ఆ పేర్లు చూసి కొనుక్కోండి. 2021లో కొన్ని స్ప్రేల్లో బెంజీన్ దొరికి, జాన్సన్ అండ్ జాన్సన్ వాటిని వెనక్కి తీసుకుంది. అది తయారీలో చేరిన కల్తీ. సన్‌స్క్రీన్‌లో ఉండాల్సిన సరుకు కాదు.

లాభం సంగతి? ఆస్ట్రేలియాలోని నాంబూర్ ఊళ్లో 1992 నుంచి 1996 దాకా 1,621 మందిని పరీక్షించారు. రోజూ రాసుకున్నవాళ్లలో ఒక రకం చర్మ కేన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తగ్గాయి. అయితే అది తెల్లతోలు జనం ఎక్కువున్న ఊరు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ, ఆ కేన్సర్ మనకు తక్కువ. కాబట్టి ఆ లెక్క ఉన్నదున్నట్టు మనకు అతికించకూడదు. అలాగని నల్లతోలుకు ఎండ తగలదా? మంగు మచ్చలు ముదురుతాయి. లూపస్ ఉన్నవాళ్లకి జబ్బు తిరగబెడుతుంది. బొల్లి మచ్చలు కాలతాయి. పుట్టుకతోనే మెలనిన్ లేని బిడ్డకైతే అది సోకు కాదు, ప్రాణరక్షణ.

అసలు మన దగ్గర ఎండా నీడా ఎప్పుడూ కులం లెక్కే. పాలకొల్లు పక్కనే నరసాపురం. అక్కడి లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ 1982లో పుస్తకం తెచ్చింది. కాపు స్త్రీలు గడప దాటకుండా లేసు అల్లటమే మర్యాద అనుకున్నారనీ, పొలం కూలికెళ్లే దళిత స్త్రీల కంటే తామే ఎక్కువనుకున్నారనీ రాసింది. కూలి లెక్క చూస్తే పొలం పనికే ఎక్కువ! తక్కువ డబ్బులొచ్చినా నీడపట్టున ఉండటమే గొప్ప. ఎండలో ఉండటమే తక్కువతనం. ఆ గొప్పనే 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబులో పోసి అమ్మారు. 2020లో పేరు మార్చారు. మనసు మారిందా?

అసలు విషం ఆ వరసలోనే ఉంది. తెల్లబరుస్తామని అమ్మే క్రీముల్లో పాదరసం ఉంటోంది, స్టెరాయిడ్ ఉంటోంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బులొచ్చాయని డాక్టర్లు బయటపెట్టారు. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి పెట్టాల్సొచ్చింది. సన్‌స్క్రీన్ అంటే ఉలిక్కిపడే పెద్దమనుషులు పెళ్లిచూపుల ముందు పిల్లకి ఈ క్రీము పూయించటానికి ఎందుకు ఉలిక్కిపడరు?

ఇక చేలో మా అమ్మల సంగతి. ఊడ్పుల్లో వంగితే వీపు మీద ఎండ, కింద నీళ్ల మీంచి మొహానికి ఎండ. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మొహానికీ మెడకీ ఒకసారికి సుమారు గ్రాము. రోజుకు నాలుగుసార్లంటే 50 గ్రాముల ట్యూబు రెండు వారాలు కూడా రాదు. చేతులకి రాస్తే ఇంకా ముందే ఖాళీ. పైగా చెమటకి కారిపోతుంది. వడదెబ్బని ఏ క్రీమూ ఆపదు. చీర మీద మొగుడి పాత ఫుల్‌చేతుల చొక్కా, తలకి తుండుగుడ్డ – ఇదీ మా అమ్మలు కనిపెట్టుకున్న సన్‌స్క్రీన్. ఈ కథలో తెలివితక్కువవాళ్లు వాళ్లు కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట తాగునీళ్లు, పిల్లలకు నీడ, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ప్రైవేటు చేలో, రొయ్యల చెరువు గట్టు మీద అవి ఎవరిస్తున్నారు?

కాబట్టి చెల్లీ, నీకు కావాలనిపిస్తే రోజూ రాసుకో. భయపడకు. తెల్లబడటానికి మాత్రం రాసుకోకు. "వైటెనింగ్", "డీ-ట్యాన్" అని రాసున్న డబ్బా చూస్తే అక్కడే పెట్టేసి రా. తమ్ముడూ, దాళ్వా కోతలకి మీ ఊరెళ్లినప్పుడు మేస్త్రీని మూడు అడుగు: మిట్టమధ్యాహ్నం పని ఆపుతారా? గట్టు మీద నీడేదీ? నీళ్లేవీ? ఒక్కడివే అడిగితే కసురుతారు. పదిమంది కూలీలతో కలిసి అడుగు.