గ్రౌండు గేటు తెరవండి – సార్లూ, మీరూ రండి!

కెంచనగుడ్డ, చుట్టుపక్కల ఊళ్ల అక్కల్లారా, అన్నల్లారా! సిరుగుప్పకూ బళ్లారికీ చదువుకు పోయే పిల్లలారా!

నాట్లేసి వచ్చిన అమ్మను ‘వ్యాయామం చేస్తున్నావా’ అని అడిగి చూడండి, నవ్వుతుంది. దినమంతా మడిలో నడుం వంచినామె నవ్వక ఏం చేస్తుంది? ఆమె కూతురి సంగతి వేరు. తెల్లారకముందే బస్సు, క్లాసులో బెంచీ, మళ్లీ బస్సు, ఇంటికొచ్చి ఫోను. 2023 జూన్ నుంచి మన కర్ణాటకలో ఆడవాళ్లకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. చదువు దగ్గరైంది, సంతోషమే. బళ్లారికి పోయి రావాలంటే మాత్రం వంద కిలోమీటర్ల పైమాటే, అదంతా కూచునే. మోకాళ్ల నొప్పి అమ్మకు రావాల్సింది, ఇరవై ఏళ్ల బిడ్డకు ముందే వస్తోంది.

హాస్టలు పిల్లోళ్లది ఇంకో కత. ఊళ్లో పీర్ల పండగకు గుండు ఎత్తినోడు, ఎమ్మే రెండో ఏడుకల్లా మూడంతస్తులెక్కి ఆయాసపడుతున్నాడు. పరీక్షల ముందు నిద్ర పట్టదంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. అట్లాంటి పిల్లోణ్ణి సాయంత్రం నలుగురితో కబడ్డీ కోర్టులో దింపితే సగం దిగులు చెమటలోనే పోతుంది. మిగతా సగానికి డాక్టరు కావాల్సి వస్తే, అది వేరే మాట, సిగ్గుపడకుండా పోవాలి.

మరి చెప్పే సార్లు? ఆఫీసులో ఫైళ్ల ముందు కూచునే గుమాస్తాలు, రాత్రంతా గేటు కాసే వాచ్‌మన్, హాస్టల్లో పొయ్యి ముందు నిలబడే వంటమ్మ? ఆటలంటే పిల్లలవేనని వీళ్లను ఎవరూ లెక్కలోకే తీసుకోరు. షుగరు, బీపీ మాత్రం వాళ్లను మరిచిపోవు.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే వారానికి ఐదు దినాలు, దినానికి అరగంట. 2022 లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ మంది.

వ్యాయామమంటే పట్నం షోకు అనుకోకండి. మన పక్క ఊళ్లలో గరిడి మనెలు ఉండేవి, సాము నేర్పేవాళ్లు. కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్‌లో పేరు తెచ్చుకోక ముందు విజయనగరంలో వ్యాయామం పంతులే. 1920లో మద్రాసులో వ్యాయామ విద్యకు వైఎంసీఏ కాలేజీ పెట్టారు, అప్పుడు మన బళ్లారి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. వందేళ్ల కిందటే చదువులో భాగమైన దాన్ని, ఇప్పుడు జూన్ 21న యోగా దినమని చాప పరిచి ఫొటో దిగడానికే పరిమితం చేస్తే ఎట్లా?

మేము అడిగేది పెద్ద ఖర్చు కాదు. బళ్లారిలో 2010లో యూనివర్సిటీ వచ్చింది, తాలూకాల్లో కాలేజీలున్నాయి. ఎక్కడైనా సరే, గ్రౌండు గేటు పొద్దున, సాయంత్రం తెరిచి ఉండాలి. ఆడపిల్లలకు లైట్లు, తాగే నీళ్లు, బట్టలు మార్చుకునే గది కావాలి, అవి లేకుండా ‘అమ్మాయిలు రారు’ అనొద్దు. బస్సు పిల్లలు సాయంత్రం ఉండలేరు కాబట్టి టైంటేబుల్‌లోనే వారానికి రెండు పీరియడ్లు ఆటకివ్వాలి, వాటిని సిలబస్ కోసం లాక్కోకూడదు. ఆ గంటలో ఉద్యోగులకూ సెలవివ్వాలి. వీసీ గారైనా అటెండర్ అన్నయైనా ఒకే జట్టులో ఆడితే మరీ మంచిది!

అమ్మానాన్నలకు ఒక మాట: ఆటాడితే మార్కులు తగ్గుతాయని బిడ్డను ఆపకండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బస్సు స్టాపు దగ్గర కలుద్దాం. కాలవ గట్టు మీద ఏటి దాకా నడిచి, తిరిగొచ్చి ఈ కోరికల అర్జీ మీద సంతకాలు పెడదాం. చెప్పులైనా పర్వాలేదు, బూట్లు కొనాల్సిన పని లేదు. తుంగభద్రలో మాత్రం ఎవరూ దిగొద్దు, మొసళ్లున్నాయి.

ఇట్లు,
కెంచనగుడ్డ నుంచి చదువుకు పోయే పిల్లలు, వాళ్ల పెద్దలు