పత్తి కాయలో పరిణామం

జీవపరిణామం అనగానే కోట్ల ఏళ్లనాటి శిలాజాలు గుర్తొస్తాయి. ఈ సంచికను మేం పత్తి చేలోంచి మొదలుపెడుతున్నాం.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మొక్కలోనే తయారయ్యే ప్రోటీన్ తిని కాయతొలుచు పురుగులు చచ్చేవి. జన్యువుల్లో తేడా వల్ల దాన్ని తట్టుకున్న ఏ కొన్నో మిగిలాయి, వాటి సంతతే చేలల్లో పెరిగింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటున్నట్టు తేలింది. కొన్నేళ్లకు రెండు ప్రోటీన్ల విత్తనమూ దాన్ని ఆపలేకపోయింది. తెలంగాణ, ఆంధ్ర రైతులు ఆ నష్టం మోస్తూనే ఉన్నారు.

పురుగు కావాలని మారలేదు. తట్టుకున్నది బతికింది, బతికింది పిల్లల్ని పెట్టింది. 1859లో డార్విన్ వివరించిన ప్రకృతివరణం ఇదే.

బీటీ చేను చుట్టూ మామూలు పత్తి వేయమనడమూ ఈ లెక్కతోనే. అక్కడ బతికిన మామూలు పురుగులు తట్టుకునేవాటితో జతకడితే నిరోధకత నెమ్మదిగా వ్యాపిస్తుంది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామ పాఠం తీసేసింది. పదితోనే సైన్స్‌ చదువు ముగిసే పిల్లలకు ఈ అవగాహన ఎక్కడ దొరుకుతుంది? ఆ ఆందోళనే ఈ సంచికకు మూలం. శిలాజాలైనా, మందులకు లొంగని బాక్టీరియా అయినా, ప్రతి వ్యాసమూ రుజువు చూపించాకే మాట్లాడుతుంది. టీచర్లు దీన్ని తరగతిలో చదివించాలనీ, పిల్లల ప్రశ్నలు మాకు పంపాలనీ కోరుతున్నాం.