చిన్నాయన చెయ్యి వస్తాదా?

“అన్నా, ఈ టెస్టు నంద్యాలలో చేస్తారా?” అంటూ ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. ఒక్క రక్తపు చుక్కతో పక్షవాతం రోగి కోలుకుంటాడో లేదో చెప్పేయొచ్చట! వేరే రోజైతే హెడ్డింగు చూసి నవ్వుకుని వదిలేసేవాణ్ని. కానీ వాడు అడుగుతున్నది చిన్నాయన గురించి.

చిన్నాయన శిల్పి. నలభై ఏళ్లుగా ఉలి పట్టిన చెయ్యి. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి పనిలో కూర్చున్న కాసేపటికే ఉలి జారి కిందపడింది. కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. “గాలి సోకింది” అని ఇంట్లోవాళ్లు పావురం రక్తం రుద్దించడానికి పక్క ఊరికి తీసుకెళ్లారు. అక్కడ్నుంచి నంద్యాల ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం మూడు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికా డాక్టరు లెక్కగట్టారు. ఆ లెక్క నేను ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం?

తమ్ముడి బాధ వేరే. ఒక గుడివాళ్లు నంది విగ్రహానికి అడ్వాన్సు ఇచ్చారు. చెయ్యి వస్తుందంటే ఉంచుకోవాలి, రాదంటే తిరిగిచ్చేయాలి. ఆ డబ్బు కాస్తా ఆస్పత్రికే అయిపోయింది.

లింకులో ఉన్నది పూర్తిగా అబద్ధమేం కాదు. గుండెపోటు వస్తే రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు కదా, మెదడుకూ అలాంటిది దొరుకుతుందేమోనని చాలా ఏళ్లుగా వెతుకుతున్నారు. అందరూ ఆశ పెట్టుకున్నది న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ మీద. నరాల తీగల లోపల ఆసరాగా ఉండే పదార్థం అది. తీగ తెగితే బయటికి కారి, కొంచెం రక్తంలోకి వస్తుంది. ఎంత కొంచెమంటే పికోగ్రాముల్లో కొలవాలి, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు! అది ఎక్కువగా ఉన్నవాళ్లు సగటున తక్కువ కోలుకుంటున్నారని చాలా అధ్యయనాల్లో తేలింది.

ఆ “సగటున” దగ్గరే ఉంది తిరకాసు. వయసు పెరిగితే ఈ ప్రొటీన్ పెరుగుతుంది, కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది. పైగా స్ట్రోక్ వచ్చిన రోజున కాదు, రోజులూ వారాలూ గడిచేకొద్దీ పైకెక్కుతుంది. అంటే మొదటి రోజు తీస్తే ఒక కథ, ఇరవయ్యో రోజు తీస్తే ఇంకో కథ. వంద మందిని వరుసలో నిలబెట్టడానికి పనికొస్తుందేమో గానీ, చిన్నాయన ఒక్కడి చెయ్యి గురించి చెప్పలేదు. ఒకవేళ రిపోర్టు చూసి ఎవరైనా “కష్టం” అన్నారనుకోండి, మా ఇంట్లో ఆ రోజే ఫిజియోథెరపీ ఆపేస్తారు. నాకు అసలు భయం అదే.

ఇంతకీ చవకైన రక్తపరీక్ష ఒకటి మనవాళ్లు చేయనే చేస్తారు. వేలు గుచ్చి చూసే షుగరు. అది బాగా పడిపోతే స్ట్రోక్ లాగే కనిపిస్తుంది, బాగా పెరిగి ఉంటే కోలుకోవడం తగ్గుతుంది. చిన్నాయనకు ఎక్కువే ఉంది, ఇన్సులిన్ ఇచ్చారు.

చెయ్యి సంగతికొస్తే, నాకు తెలిసిన మంచి జోస్యం రక్తంలో లేదు. న్యూజిలాండ్ పరిశోధకులు 2017లో ప్రెప్-2 అనే పద్ధతి ప్రచురించారు. స్ట్రోక్ వచ్చిన మూడు రోజుల్లోపు రోగిని రెండే పనులు చేయమంటారు. చెయ్యి పక్కకు ఎత్తాలి, ముడిచిన వేళ్లు చాచాలి. ఒక్కోదానికి అయిదు మార్కులు. మొత్తం అయిదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, ఎనభై ఏళ్ల లోపువాళ్లకు మూడు నెలల్లో చెయ్యి బాగా వచ్చే అవకాశం ఎక్కువ. అయిదు కన్నా తక్కువైతే ఇంకో పరీక్ష పెడతారు. ప్రతి నలుగురిలో ముగ్గురి విషయంలో అంచనా నిజమైందట. నాలుగోవాళ్ల మాటేంటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను.

“ఫిజియో ఆయన్ని అడుగు, వేళ్లు చాపుతున్నాడేమో చూడమను” అని తమ్ముడికి చెప్పాను. రెండో రోజు సాయంత్రం ఫోన్. “అన్నా, భుజానికి మూడు, వేళ్లకు మూడు అంటున్నాడు. పాసయినట్టేనా?” చిన్నాయనకు అరవై రెండు.

పాసని నేను అనలేదు. అడ్వాన్సు వెనక్కివ్వొద్దు, మూడు నెలలు గడువడుగు అన్నాను. గుడివాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది చిన్నాయనే. “ఒళ్లు నువ్వు మొదలుపెట్టు, మొగం మాత్రం ముట్టుకోవాకు” అని ముద్ద ముద్దగా, రెండుసార్లు చెప్పాడట తమ్ముడికి.