బిగువే బలం
సికింద్రాబాద్ మెటల్ రిథమ్ గిటారిస్టుల ప్రణాళిక

లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడి దారిలో తోలు డప్పు మోగాలంటే ముందు దాన్ని నిప్పుల సెగకు కాచాలి. తోలు బిగిస్తేనే సిర్ర దెబ్బ ఖంగుమంటుంది. వదులు డప్పును ఎంత గట్టిగా కొట్టినా మొద్దుగానే మోగుతుంది. మెటల్ గిటారుదీ అదే ధర్మం. అందుకే ఈ ఊళ్లో రిథమ్ వాయించే మేము ఈ మాటలకు కట్టుబడుతున్నాం.

1. గెయిన్ తగ్గిస్తాం. అది మితిమీరితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకటే మోత. పిక్ దెబ్బ అందులో కరిగిపోతుంది. ఒంటరిగా కాస్త తక్కువనిపించే గెయిన్ రెండు గిటార్లు కలిస్తే సరిపోతుంది. రికార్డింగులో ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి ఎడమకొకటి, కుడికొకటి పెడతాం. కాపీ చేసి అతికించం.

2. బేస్‌ను యాంప్‌కు ముందే కోస్తాం. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌లో డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ బాగా పైన. 720 హెర్ట్జ్ చుట్టూ మిడ్ ముందుకొస్తుంది, అడుగున బేస్ సన్నబడుతుంది. బేస్ నిండిన సిగ్నల్ యాంప్‌లో డిస్టార్ట్ అయితే బురదే. ఆ బురదను తర్వాత ఏ ఈక్యూతోనూ పూర్తిగా కడగలేం.

3. మిడ్‌ను చంపం. మిడ్ తీసేసిన టోన్ గదిలో గంభీరంగా ఉంటుంది. డ్రమ్స్ మొదలవగానే గిటారు మాయం. మామూలు ట్యూనింగ్‌లో మా కింది తీగ 82 హెర్ట్జ్, బేస్ గిటారుది 41. ఆ లోతు బేస్ వాయించేవాళ్ల సొత్తు, వాళ్లకే వదిలేస్తాం.

4. నిశ్శబ్దాన్నీ వాయిస్తాం. కరెంటు తెచ్చే 50 హెర్ట్జ్ రొదను విరామాల్లో నాయిస్ గేట్ ఆపుతుంది. తీగ మోతను ఆపాల్సింది బ్రిడ్జి మీద ఆనిన మా అరచేయి అంచే. ప్రతి రిఫ్‌నూ మెట్రోనోమ్‌తో నెమ్మదిగా మొదలుపెడతాం. అక్కడ శుభ్రంగా పలకనిది వేగంలో పలకదు.

5. సామాను చూసి మనిషిని తూచం. బర్మింగ్‌హామ్ షీట్ మెటల్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ ఐయోమీ, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. 1970లో వచ్చిన అతని బ్యాండ్ బ్లాక్ సాబత్ తొలి ఆల్బమ్‌లో వినిపించేది ఆ వేళ్లే.

6. విద్య దాచుకోం. మెటల్ అంటే బెంగళూరే అనుకునే రోజుల నుంచి హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’ (2016), ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ (2021) రికార్డుల దాకా నడిచొచ్చాం. కొత్తగా వచ్చినవాళ్లకు నాబ్ అంకెలు రాసిచ్చి పంపం. గిటారు మారితే ఆ అంకెలు మారతాయి. పక్కన కూర్చోబెట్టుకుని వినడం నేర్పుతాం.

సెగ చాలకపోతే డప్పు పలకదు, ఎక్కువైతే తోలు చిట్లుతుంది. ఎప్పుడు తీయాలో కాచేవాడికి చేతి తట్టుతోనే తెలుస్తుంది. మా వేళ్లకూ చెవులకూ ఆ ఎరుక వచ్చేదాకా సాధన ఆపం.