తూటాల లెక్క

ఈ మధ్య సికింద్రాబాద్‌లో ఆడపిల్లలతో జరిగిన ఒక చిన్న సమావేశంలో, వెనక వరసలో కూర్చున్న అమ్మాయి లేచి నన్నడిగింది: "మేడమ్, లైసెన్సు తీసుకుని రివాల్వరు పెట్టుకుంటే అందులో ఏ రకం తూటాలు వేసుకోవాలి?" కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి, స్టేషన్ నుంచి చిలకలగూడ దాకా నడిచి ఇల్లు చేరే పిల్ల. రాగి తొడుగున్న తూటానా, మొన బోలుగా ఉండి ఒంట్లోకి దిగాక విచ్చుకునే తూటానా అనే వివరాలు కూడా చదువుకుని వచ్చింది. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ముందు ప్రశ్నని ప్రశ్నగానే తీసుకుందాం. మన దేశంలో ఆ ఎంపిక నీది కాదు. పోలీసులు, సైన్యం వాడే 9 ఎం.ఎం., పాయింట్ 38 బోర్లు పౌరులకు నిషిద్ధం. మామూలు లైసెన్సు మీద చేతి తుపాకీ అంటే ఎక్కువగా పాయింట్ 32. ఆ రివాల్వరు తూటా పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టింది. 9 ఎం.ఎం. ముందు చాలా బలహీనమైనది. ఎన్ని తూటాలు కొనుక్కోవచ్చో కూడా లైసెన్సు మీదే రాసి ఉంటుంది. లైసెన్సు ఇవ్వాలో వద్దో తేల్చేది నగరంలో పోలీసు కమిషనరు.

ఇక విచ్చుకునే తూటా. దానికి 'డమ్‌డమ్' అనే పేరు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చింది. శరీరాన్ని మరీ ఘోరంగా చీలుస్తుందని 1899లో హేగ్‌లో సమావేశమైన దేశాలు యుద్ధాల్లో దాన్ని వాడకూడదన్నాయి. ఆత్మరక్షణకి అదే మేలని చెప్పేవాళ్ళ వాదన ఏమిటంటే, అది తగిలిన మనిషిలోనే ఆగిపోతుంది, గట్టి తొడుగున్న తూటా మనిషిని దాటి వెనకున్న వాళ్ళకి తగలొచ్చు అని. వాదన అబద్ధం కాదు. కాని గురి తప్పిన తూటా ఏ రకమైతేనేం? వారాసిగూడ సందుల్లో ఒకే గోడకి అటు ఒక సంసారం, ఇటు ఒక సంసారం. చీకట్లో, భయంతో వణికే చేత్తో, సంచీ అడుగు నుంచి తీసి పేల్చే తుపాకీకి ఎదుటివాడెవడో, పక్కింటి పసిపిల్ల ఎవరో తెలుస్తుందా?

అసలు ఈ ప్రశ్న ఒక దృశ్యాన్ని ముందే గీసుకుని వస్తుంది. చీకటి రోడ్డు, ముక్కూ మొహం తెలియని మగాడు, ఒంటరి ఆడది. అలాంటివి జరగవని అనను. కాని మన దేశంలో నమోదైన అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. 2022లో స్త్రీలపై నేరాల కింద నమోదైన 4,45,256 కేసుల్లో అన్నిటికన్నా పెద్ద వాటా, 31.4 శాతం, భర్త, అతని బంధువుల క్రూరత్వానిది. మామయ్య మీద, ట్యూషన్ మాస్టారి మీద, పక్కలో పడుకున్న మొగుడి మీద ఏ తూటా వాడాలో ఏ పుస్తకంలోనూ లేదు.

2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని 'నిర్భీక్' అనే రివాల్వరు విడుదల చేసింది. పాయింట్ 32 బోరు, అరకిలో బరువు, ధర లక్షా ఇరవై వేల పైన. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో హింసకు గురై చనిపోయిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరుకి పర్యాయపదం దాని పేరు. దాన్ని నగల పెట్టెలాంటి మెరూన్ పెట్టెలో పెట్టి అమ్మారు! ఆడవాళ్ళకి నగలిష్టం కదా అని. వీధి దీపాలు, రాత్రి బస్సులు, నమ్మకంగా గడప తొక్కగలిగే పోలీసు స్టేషను ఇవ్వాల్సిన రాజ్యం, ఆ బాధ్యతని పెట్టెలో సర్ది మనకే వెల కట్టింది. ఇళ్ళల్లో పని చేసుకునే ఆమె, బీడీలు చుట్టే ఆమె ఆ లక్షా ఇరవై వేలు ఎక్కడ తేవాలి?

నాకు తెలిసిన ఒకామె మల్కాజిగిరిలో ఉంటుంది. భర్త సైన్యంలో చేసి వచ్చి సెక్యూరిటీ గార్డుగా కుదిరాడు. డబుల్ బ్యారెల్ తుపాకీ ఆయన సొంతం, లైసెన్సు ఉంది. ఇంట్లో బీరువా మీద ఉంటుంది. ఆయన దాన్ని ఆమె మీదికి ఎన్నడూ ఎత్తలేదు. తాగొచ్చిన రాత్రి కిందికి దించి, నూనె గుడ్డతో తుడుస్తూ కూర్చుంటాడు, అంతే. "పొద్దున్నే లేచి గుళ్ళు లెక్కపెడతానక్కా. డబ్బాలో అన్నీ ఉంటేనే పొయ్యి ముట్టిస్తా" అంది. తూటాల గురించి ఆమెకి తెలిసినంత ఆ సమావేశంలో ఎవరికీ తెలీదు. లైసెన్సు ఇచ్చేముందు ఆమెని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక రాజ్యం చేతిలోని తుపాకీ. 1978లో మన నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకి చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చినా, కర్ణాటకకి బదిలీ అయిన కేసులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. 2007లో వాకపల్లి ఆదివాసీ స్త్రీలు పదకొండు మంది, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారన్నారు. 2023లో కోర్టు నిందితులందరినీ వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా జరగలేదంటూ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురిని కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ తూటాలు మన పేరు మీద పేల్చినవే. మనల్ని ఎవరడిగారు?

తుపాకీ పట్టిన స్త్రీలు మనకి లేరా అంటే ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తల మీద పదివేల రూపాయల వెల పెట్టారు. కాని స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకి తెలుసు, పోరాటం ఆగాక ఎందరు స్త్రీలు మళ్ళీ వంటింటికే తిరిగి వెళ్ళాల్సి వచ్చిందో. తుపాకీ పట్టినంత మాత్రాన ఇల్లు మారలేదు.

"అయితే చేతులు కట్టుకు కూర్చోమంటారా?" అని అడుగుతారు. లేదు. అత్యాచారం నుంచి, యాసిడ్ దాడి నుంచి తప్పించుకోడానికి ఎదుటివాడి ప్రాణం తీసే హక్కు కూడా చట్టంలో ఉంది. భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ చూడండి. కత్తిపీట ఎత్తిన ఆమె పక్కన, కారం చల్లిన ఆమె పక్కన మనం నిలబడతాం. నా భయం వేరు. హక్కు కాస్తా విధి అయిపోతుంది. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఆమె ఒంటి మీద గాయాల్లేవు కనక ప్రతిఘటించలేదంది. ఎదురు తిరగనంత మాత్రాన అది అంగీకారం కాదని చట్టంలో రాయించుకోడానికి 2013 దాకా పట్టింది. రేపు ప్రతి ఆడదాని సంచీలో ఆయుధం ఉండాలన్నాక, "నీ రివాల్వరు ఎందుకు తీయలేదు?" అని అడిగే వకీలు తప్పకుండా వస్తాడు.

కనక చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. కొత్త తూటాలకన్నా ముందు, ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్న తూటాల సంగతి తేల్చాలి. తుపాకీ లైసెన్సు ఇచ్చేటప్పుడూ, పొడిగించేటప్పుడూ ఆ ఇంటి ఆడవాళ్ళని విడిగా, మగాళ్ళు లేకుండా అడగాలి. భార్య ఫిర్యాదు చేస్తే, ప్రజల భద్రత కోసం లైసెన్సు రద్దుచేసే అధికారం ఆయుధాల చట్టం 17వ సెక్షన్‌లో ఉంది, వాడాలి. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల ప్రకారం, హింసలో వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోడానికి కోర్టు రాతపూర్వకంగా చెబితే రక్షణాధికారి పోలీసులకు సాయపడాలి. ఆ మాట మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు? ఇక స్టేషన్ నుంచి చిలకలగూడ దాకా వెలగని దీపాల సంగతి. అర్జీ నేను రాస్తాను, మొదటి సంతకం నువ్వు పెట్టు.

ఇంట్లో లైసెన్సు తుపాకీతో కాపురం చేస్తున్న స్త్రీలు ఈ పత్రికకి రాయండి. పేర్లు వేయం. మల్కాజిగిరి ఆమె ఒక్కతే పొద్దున్నే లేచి గుళ్ళు లెక్కపెడుతోందని నేననుకోవడం లేదు.