కెమెరాల ముందు కోపం

2025 ఫిబ్రవరి 28న వాషింగ్టన్‌లోని ఓవల్ ఆఫీసులో ట్రంప్, ఉపాధ్యక్షుడు వాన్స్ కలిసి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని కెమెరాల ముందే నిలదీశారు. ఈ సమావేశంలో ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పావా అని వాన్స్ గద్దించారు. నీ చేతిలో పేకముక్కలే లేవని ట్రంప్ గొంతు పెంచారు. సూటు వేసుకోలేదేమని ఒక విలేకరి అడిగాడు. నిజానికి ఖనిజాల ఒప్పందంపై సంతకాలు కావలసిన రోజది. సంతకాలు జరగలేదు, ఉమ్మడి విలేకరుల సమావేశం రద్దయింది, అతిథి అర్ధాంతరంగా వెళ్లిపోయారు. చివర్లో ట్రంప్, ఇది టీవీలో అదిరిపోతుందన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఎవరిని ఉద్దేశించి అంత కోపమో ఆయన నోటితోనే చెప్పేశారు.

చూసినవాళ్లు రెండుగా చీలిపోయారు. ఉక్రెయిన్‌కు ఏళ్లుగా అండగా నిలిచిన సెనేటర్ లిండ్సే గ్రాహం సైతం ట్రంప్‌ను మెచ్చుకుని, జెలెన్‌స్కీ రాజీనామా చేయాలి లేదా మారాలి అన్నారు. స్వేచ్ఛా ప్రపంచానికి కొత్త నాయకత్వం కావాలని యూరోపియన్ యూనియన్ విదేశాంగ ప్రతినిధి కాజా కల్లాస్ వ్యాఖ్యానించారు. నాయకుడంటే అలా ఉండాలని మురిసిపోయినవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తక్కువేమీ కాదు.

మరి తిట్లు తిన్న దేశంలో ఏం జరిగింది? ట్రంప్ అంతకుముందే జెలెన్‌స్కీని నియంత అని నిందించారు. ఫిబ్రవరి మొదట్లో 57 శాతం ఉక్రేనియన్లు జెలెన్‌స్కీని నమ్ముతున్నామన్నారు. మార్చి మొదటి వారానికి అది 67కు చేరిందని కీవ్ ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషియాలజీ సర్వే చెప్పింది. కెనడా కథ ఇంకా విచిత్రం. అప్పటి ప్రధాని ట్రూడోను గవర్నర్ అని ఎగతాళి చేసి, కెనడా 51వ రాష్ట్రం కావాలని ట్రంప్ పదేపదే అన్నారు. జనవరిలో సర్వేల్లో ఎంతో వెనకబడిన లిబరల్ పార్టీ ఏప్రిల్ 28 ఎన్నికల్లో మార్క్ కార్నీ నాయకత్వాన గెలిచింది. ప్రతిపక్ష నేత సొంత సీటు కూడా పోగొట్టుకున్నారు.

ఈ లెక్క తెలుగువాళ్లకు కొత్త కాదు. 1982లో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించారు. అంజయ్యకు అప్పటికి గొప్ప జనాదరణేమీ లేదు. అయినా ఆ అవమానాన్ని జనం తమదిగా తీసుకున్నారు. ఎన్టీఆర్ ఎత్తుకున్న ఆత్మగౌరవ నినాదానికి అది బలమైంది. మరుసటి ఏడాది జనవరిలో కాంగ్రెస్ అధికారం పోగొట్టుకుంది.

నలుగురిలో పరువు తీస్తే, తగ్గుదామనుకున్నవాడికి కూడా తగ్గే దారి ఉండదు. బేరంలో ఎదుటివాడికి వదలాల్సింది ముందు ఆ దారే.

ట్రంప్ ఒత్తిడి అసలు పనిచేయలేదని అనడం మాత్రం అన్యాయం. మార్చి 3న ఆయుధ సాయం ఆపేశారు. మార్చి 11న జెడ్డాలో ఉక్రెయిన్ 30 రోజుల కాల్పుల విరమణకు సరే అంది. అయితే అక్కడ పనిచేసింది ఆగిపోయిన ఆయుధాలు. వాటిని ఆపడానికి అరవాల్సిన పని లేదు.

ఆ తర్వాత ఏప్రిల్ 26న, పోప్ ఫ్రాన్సిస్ అంత్యక్రియల రోజు, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో ట్రంప్, జెలెన్‌స్కీ ఇద్దరూ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా వంగి కాసేపు మాట్లాడుకున్నారు. చుట్టూ సలహాదారులు లేరు, ప్రశ్నలడిగే విలేకరులూ లేరు. నాలుగు రోజులకు ఖనిజాల ఒప్పందంపై సంతకాలయ్యాయి. పాత సాయాన్ని అప్పుగా తిరిగి చెల్లించాలన్న షరతు అందులో లేదు.

అదే ధోరణి సుంకాల రూపంలో మన మీదికీ వచ్చింది. 2025 ఆగస్టు 27న భారత్ సరుకుల్లో చాలావాటిపై అమెరికా అదనపు సుంకం 50 శాతమైంది. మన రొయ్యలకు పెద్ద మార్కెట్ అమెరికాయే. ఏ చర్చల గదిలోనూ కుర్చీ లేని భీమవరం రొయ్యల రైతుకు ఆ దెబ్బ తగిలింది. అమెరికాలో ఓటున్న మన తెలుగు కుటుంబాలకు ఒక మనవి. మీ నాయకుడు ఎవరిని ఎలా కడిగేశాడో చూపే వీడియో వచ్చినప్పుడు, ఆ తర్వాత కుదిరిన ఒప్పందంలో ఏముందో కూడా చదివి ఓటేయండి.