నల్లా నీళ్లను వదిలేస్తే నష్టపోయేది ఎవరు?

పాత నల్లగొండ జిల్లాలో నీళ్ల మాట ఎత్తగానే గుర్తొచ్చేది ఫ్లోరైడే. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు మన సంఘాల్లోని పెద్దలకు కొత్త కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది.

2016లో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక భూగర్భ జలానికి బదులు శుద్ధి చేసిన నది నీరు ఇంటి నల్లాకు చేరే ఏర్పాటు జరిగింది. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చాలా కుటుంబాలు తాగడానికి ఆర్‌ఓ యంత్రాన్నో, ఇరవై లీటర్ల క్యాన్‌నో నమ్ముకున్నాయి. ఈ అనుమానానికి కారణం లేకపోలేదు. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ మన జిల్లాల మీదుగానే పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. శుద్ధి కేంద్రంలో నీరు బాగున్నా, సరఫరా ఆగిన వేళ ఖాళీ పైపుల్లోకి పగుళ్ల గుండా మురుగు చేరవచ్చు. కడగని ట్యాంకు కూడా అంతే ప్రమాదం.

అయితే మన ఇంట్లోని జబ్బు ఏదో తెలియకుండా మందు కొంటున్నామా? క్యాండిల్ ఫిల్టర్ మడ్డిని ఆపుతుంది, ఫ్లోరైడ్‌ను ఆపదు. యూవీ దీపం క్రిములను చంపుతుంది, ఉప్పులను తీయదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని, నీరు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఫ్లోరైడ్‌ను తగ్గించేది ఆర్‌ఓ. కానీ అది మంచి ఖనిజాలనూ తీసేస్తుంది, తాగే నీటికంటే ఎక్కువ నీటిని కాలువపాలు చేస్తుంది. టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌ఓ అక్కర్లేదన్న ఉద్దేశంతోనే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలకు ఆదేశించింది. అమ్మకందారు చూపించే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు, క్రిములను అసలే చూపదు.

కాబట్టి బోరు నీళ్లు తాగే ఇల్లు ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. నల్లా నీళ్లు తాగే ఇల్లు ట్యాంకు శుభ్రతను, క్లోరిన్‌ను చూసుకోవాలి. కొద్దిపాటి క్లోరిన్ వాసన కీడు కాదు, కాపలా.

అసలు నష్టం మరొకటి ఉంది. స్తోమతగలవారు యంత్రం వెనక్కి వెళ్లిపోతే నల్లా గురించి మున్సిపాలిటీని అడిగే గొంతు తగ్గిపోతుంది. యంత్రం కొనలేని కూలి కుటుంబం మాత్రం ఏది వస్తే అది తాగుతుంది. యెరికోలో నీళ్లు చెడినప్పుడు ఎలీషా ఇంటింటి కుండల దగ్గరకు పోలేదు, ఊట దగ్గరకే వెళ్లాడు.

మన సంఘాలు చేయగల పని చిన్నదే. మందిరపు బోరు, ట్యాంకు, నల్లా నీళ్లను ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించి, ఫలితాన్ని గోడమీద అంటించుదాం. పైపు పగిలితే పదిమంది సంతకాలతో ఫిర్యాదు చేద్దాం. ఇంట్లో ఫిల్టర్ ఉన్నవారి సంతకమే అందులో ముందుండాలని మేము కోరుతున్నాము.